మెడల్ ఏ వైపున

“అమ్మా, ఈ ఫొటోలో ఉన్నది సిపాయి కాదు” అన్నాడు కెప్టెన్ డెన్‌హామ్, భూతద్దం బల్ల మీద పెడుతూ.

కసిరి అన్నా బాగుండేది. మెల్లగా, పాపం అన్నట్టు అన్నాడు. కెజియా హోడ్‌కి ఒళ్లు మండింది అక్కడే.

కాంటర్‌బరీలో గుర్రపు దళాల వితంతువుల కోసం కట్టిన ఇళ్లలో ఒక గది ఖాళీ అయింది. దానికి ఇద్దరు అర్జీ పెట్టుకున్నారు. ఎవరికిచ్చేదీ గురువారం బోర్డు కూర్చుని తేలుస్తుంది. ఈలోపు ఎవరి రుజువులేమిటో చూసి పెట్టడం కార్యదర్శి అయిన కెప్టెన్ గారి పని. రెండో ఆవిడ కాగితాలన్నీ పొందికగా రిబ్బను కట్టి తెచ్చింది. కెజియా తెచ్చింది అరచేతిలో ఇమిడే తోలు డబ్బీ ఒక్కటే. అందులో గాజు పలక మీద తీసిన భర్త ఫొటో ఉంది.

డిశ్చార్జి కాగితం ఏదని అడిగాడు కెప్టెన్. ఆయనతో పాటే పెట్టెలో పెట్టి పూడ్చామని చెప్పింది. పోనీ మెడల్? అదీ ఆయన రొమ్ము మీదే ఉంది. పోయేముందు జేబెజ్ హోడ్ నోరు తెరిచి అడిగినవి ఆ రెండే. మూడేళ్ల కిందట ఆ సంగతి విని వీధి వీధంతా ఆమెను మెచ్చుకుంది. ఇప్పుడు కెప్టెన్ కలం పక్కన పెట్టి, ఇంత తెలివితక్కువ పని చేశావేమిటమ్మా అన్నట్టు చూశాడు. రెజిమెంటు ఇండియాలో ఉంది. దాని దస్తరాలూ దానితోనే ఉన్నాయి. ఉత్తరం రాసి జవాబు తెప్పించేసరికి వేసవి దాటిపోతుంది. గది అంతవరకు ఆగదు. కెజియా అద్దెకున్న ఇల్లు అమ్ముడుపోయింది, జూన్ ఆఖరుకు ఖాళీ చెయ్యాలి, ఆ తర్వాత అరవై దాటిన మనిషికి మిగిలింది ఊరి చివర పేదల శాల. అక్కడ చేరిన వాళ్ల సొంత బట్టలు కూడా తీసుకుని దాచేస్తారు.

కెప్టెన్ చెడ్డవాడు కాదు. ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు. గుర్రం కింద పడి కాలు బిగుసుకుపోతే సైన్యం మానుకుని ఈ ఉద్యోగంలో చేరాడు. మనసు మాత్రం ఇంకా జీను మీదే ఉంది. దేశంలోని గుర్రపు దళాల యూనిఫాంలు తొడుక్కున్న వాళ్ల ఫొటోలన్నీ పోగుచేసి, దళాలవారీగా అట్టల మీద అతికించి, ఆల్బం బల్ల మీదే పెట్టుకున్నాడు. ఫొటోలో నీలం రంగు తెల్లబడుతుందనీ, పసుపు నల్లబడుతుందనీ తెలిసిన మనిషి. గుండీల వరస చూసి ఏ సంవత్సరం కోటో చెప్పగలడు. అంత తెలిసినవాడు కాబట్టే తప్పు పట్టుకున్నాడు.

“చూడండి. కత్తి కుడి తుంటి మీద వేలాడుతోంది. మన దళాల్లో ఎవరికైనా ఎడమవైపే ఉంటుంది. కోటు ఆడవాళ్ల కోటులాగా కుడి అంచు పైకి వచ్చి మూసుకుంది. బొచ్చుటోపీ మీంచి వేలాడే గుడ్డ సంచి కుడివైపుకి పడాలి, ఎడమవైపుకి పడింది. సరిగ్గా ఉన్నది మెడల్ ఒక్కటే. అది ఎడమ రొమ్ము మీద ఉండాలని దారిన పోయే వాడికి కూడా తెలుసు. ఎవరో అద్దె కోటు తొడుక్కుని తీయించుకున్నారమ్మా. ఆయన మీతో ఏం చెప్పాడో నాకు తెలియదు, మిమ్మల్ని నేను తప్పు పట్టను.”

“అద్దె కోటు కాదు సార్” అంది కెజియా. “దాని మీద అలంకారపు తాడు కుట్టింది నేను.”

ఇంకేదైనా రుజువు దొరికితే గురువారం పదింటికి తీసుకురమ్మని కెప్టెన్ లేచి నిలబడ్డాడు. బిగుసుకున్న కాలుతో కూడా లేచి నిలబడ్డాడు, అంత మర్యాదస్థుడు. ఆమె డబ్బీ మూసి, కొక్కెం బిగించి, గేటు దగ్గర కాపలా ఉన్న ముసలి సార్జెంటు పిల్చర్ పలకరిస్తున్నా వినిపించుకోకుండా వచ్చేసింది. ఇరవై ఏళ్లు గుర్రం ఎక్కి దిగినవాణ్ణి, రష్యావాళ్ల మీద యుద్ధానికి వెళ్లి చలికి రెండు కాలివేళ్లు పోగొట్టుకుని వచ్చినవాణ్ణి, నాటకాలవాడని అంటే ఎవరికి మాత్రం దారి కనిపిస్తుంది.

మంగళవారం పొద్దున్న ఎప్పటిలాగే సిపాయిలుండే బారకాసుల్లోని దర్జీ కొట్టుకి పనికి వెళ్లింది. ఆ కొట్టులో ఆమెది కిటికీ పక్క చోటు. ముప్పై ఏళ్లుగా అక్కడే. కొత్తగా చేరిన హుస్సార్లకి, అంటే తేలికపాటి గుర్రపు దళం సిపాయిలకి, కోట్లు తయారవుతున్నాయి. ముదురు నీలం గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసి, గీత మీద పసుపు తాడు పరిచి, సూది కిందినుంచి పైకి తెచ్చి తాడు పొట్టలోంచి మాత్రమే పట్టుకుని కిందికి దింపాలి. పైన కుట్టు కనిపించిందా, విప్పి మళ్లీ కుట్టాల్సిందే. రొమ్ము మీద ఆరు వరసలు ఎవరైనా కుడతారు. చేతి అంచు మీద వచ్చే మూడు రెక్కల ముడి దగ్గర పనివాళ్లెవరో తేలిపోతుంది. అందరూ ముడి మొదట్లో తాడు లాగి బిగించేస్తారు. కెజియా మాత్రం ఆవగింజ పట్టేంత కన్ను వదులుతుంది. బిగిస్తే గుర్రం కళ్లెం లాగినప్పుడు తాడు పిగిలిపోతుందని ఆమె వాదన. మాస్టర్ టైలర్ మొదట్లో కసురుకున్నాడు. తర్వాత ఆమె కుట్టిన కోట్లు ఒక్కటీ రిపేరుకి తిరిగి రాకపోవడం చూసి నోరు మూసుకున్నాడు.

పక్కన కూచున్న రోడా గాడెన్‌ కూడా సిపాయి భార్యే, పదేళ్ల కిందట భర్త పోయాడు. నోరు మహా దురుసు. సంగతంతా విని ముందు కెప్టెన్‌ని నాలుగు తిట్టింది, తర్వాత సలహా ఇచ్చింది. బోర్డులో ఒక పాదిరీ ఉన్నాడు, మనసు మెత్తన, ఆయన ఎదుట నోరు విప్పకుండా భోరున ఏడిస్తే చాలట.

“ఏడిస్తే గది ఇస్తారే, నిజమే” అంది కెజియా. “నాటకాలవాడి పెళ్లానికి జాలిపడి ఇచ్చామని పుస్తకంలో రాసుకుంటారు. ఆ గదిలో నాకు నిద్ర పడుతుందా?”

“నిద్ర సంగతి తర్వాత చూసుకో, ముందు పైన కప్పుండాలి. ఆ ఫొటోలనేవే దొంగ సరుకు. మా ఆయన దాంట్లో పసుపు తాళ్లన్నీ నల్లగా పడ్డాయి. తన చావుకి తనే ముందుగా నలుపు కట్టుకున్నట్టున్నాడు” అని రోడా నవ్వింది.

మధ్యాహ్నం అందరూ రొట్టె తినడానికి లేచినప్పుడు కెజియా లేవలేదు. డబ్బీ తెరిచి, బల్ల మీద తయారై ఉన్న కోటు పక్కన పెట్టింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ ఫొటో చూస్తోంది, కోటు వంక ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడూ మొహమే చూసేది. చూసిన ప్రతిసారీ ఏదో వెలితి. జేబెజే, కానీ జేబెజ్ కాదు. వాళ్లన్నయ్య వచ్చి కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు కుట్టుపనిదాని కళ్లతో కోటు చూసింది. కెప్టెన్ చెప్పిందంతా నిజమే. కత్తి అటే, కోటు అంచు అటే, సంచీ అటే. ఒకటో రెండో తప్పయితే పొరపాటనుకోవచ్చు, ఇవన్నీ ఒకే తీరున తప్పాయి. కోటుకి లోపలి వైపు పైకి తెచ్చి తిరగేసి కుట్టినప్పుడు ఇలాగే ఉంటుంది, కుడిజేబు ఎడమకి వచ్చేస్తుంది.

లేచి, కోట్లు తొడిగి చూసే నిలువుటద్దం దగ్గరికి వెళ్లి ఫొటో దానికి చూపించింది.

అద్దంలో జేబెజ్ హోడ్ కనిపించాడు. అన్నయ్య కాదు, తనే. కత్తి ఎడమ తుంటి మీదికి వచ్చింది, కోటు మగవాళ్ల కోటులా మూసుకుంది, టోపీ సంచి కుడివైపుకి జారింది. ఎడమ కనుబొమ మీద గుర్రం తన్నిన మచ్చ ఎడమ కనుబొమ మీదే ఉంది. ఆ మచ్చ మీద వేలు పెట్టి ఆయన్ని నిద్ర లేపేది ఆమె. గాజు మీద తీసిన బొమ్మ అద్దంలో బొమ్మలా తారుమారుగా పడుతుంది, అంతే సంగతి. కెప్టెన్ ఆల్బంలో ఉన్నవన్నీ కాగితం ఫొటోలు, అవి తారుమారు కావు. గాజువి ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పటివి. అది ఆయన తప్పు కాదు, కానీ ఇంత ధీమాగా చెప్పకుండా ఉండాల్సింది.

సంతోషం నిమిషం కూడా నిలవలేదు. అద్దంలో అన్నీ సరిగ్గా వచ్చాయి, మెడల్ ఒక్కటి కుడి రొమ్ము మీదికి వెళ్లిపోయింది.

అది చూసి ఆమెకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆ మెడల్ అక్కడ పెట్టింది తనే, ఇన్నేళ్లలో ఆ సంగతే మరిచిపోయింది. ఫొటో తీసేవాడు ముందే హెచ్చరించాడు, బొమ్మలో ఎడమ కుడవుతుందని. కత్తీ కోటూ ఎలా పోయినా పరవాలేదు, మెడల్ మాత్రం సరైన చోట పడాలన్నాడు జేబెజ్. ఆమె పిన్ను తీసి మెడల్ కుడి రొమ్ముకి మార్చింది. ఫొటో వచ్చాక అది ఎడమవైపు కనబడేసరికి ఆయన డబ్బీ పట్టుకుని బారకాసులంతా తిరిగాడు. ఆ ఒక్క సర్దుబాటు వల్ల ఇప్పుడు ఫొటో ఎటు తిప్పినా ఏదో ఒకటి తప్పుగానే కనిపిస్తుంది.

బుధవారం సాయంత్రం పని దిగాక వితంతువుల ఇళ్ల గేటు దగ్గరికి వెళ్లింది. సార్జెంటు పిల్చర్ కాపలా గదిలో కూర్చుని జేబుకత్తితో చల్లటి పంది మాంసం కోసుకుని రొట్టెలో పెట్టుకుంటున్నాడు. ఆయనా హుస్సారే, వేరే రెజిమెంటు. అదే యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఆమె డబ్బీ తెరిచి చూపించి, మెడల్ సంగతి చెప్పగానే నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టాడు.

“నేనూ అదే చేశాను హోడమ్మా. డబ్లిన్‌లో. మా ట్రూపంతా అదే చేసింది. మెడల్ కుడివైపుకి మార్చుకుని వరసగా నిలబడ్డాం, ఒకడి తర్వాత ఒకడు. ఆ ఫొటోవాడు మమ్మల్ని చూసి పిచ్చివాళ్లనుకున్నాడు.”

ఆ ఫొటో ఇంకా ఉందా అని ఆమె అడిగింది. ఉందన్నాడు. రేపు బోర్డుకి తెస్తావా అని అడిగింది. అప్పుడు పిల్చర్ నీళ్లు నమిలాడు. గేటు తెరిచేవాణ్ణి గేటు దగ్గర ఉంచుతారు గాని బోర్డు గదిలో ఉంచరు. కెప్టెన్ మాటకి ఎదురు చెప్పిన మునుపటి కాపలావాడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఈ గదీ ఈ పొయ్యీ పోతే తన ముసలితనం ఏ గోడకి చేరబడాలి? ఆమె బలవంతపెట్టలేదు. పేదల శాల భయం ఆమెకి తెలియనిది కాదు. వెళ్లబోతుంటే పిల్చర్ ఒక్క మాట మాత్రం చెప్పాడు, గాజు డబ్బీలోంచి తీస్తే బొమ్మ ఉన్న వైపు వేలు తగలనివ్వొద్దని. ఆ పూత మీగడంత పలచన. గోరు తగిలితే మనిషి మొహమే లేచిపోతుంది.

గురువారం పదింటికి కెజియా ఉన్నవాటిలో మంచి నల్లబట్టలు కట్టుకుని బోర్డు ముందు నిలబడింది. పాదిరీ ఒకరు, లావుపాటి బీరు వ్యాపారి ఒకరు, మధ్యలో కెప్టెన్ డెన్‌హామ్. ఆల్బం బల్ల మీదే ఉంది. కొత్త రుజువేమైనా తెచ్చారా అని కెప్టెన్ అడిగాడు. పాతదే తెచ్చానంది. డబ్బీ మూడు రోజులుగా తను తెరవలేదనీ, ఇప్పుడు వాళ్లందరి ఎదుటే విప్పుతాననీ చెప్పింది. చెప్పింది పూర్తి నిజం కాదు, మూత తెరిచింది. గాజు మాత్రం కదపలేదు.

తాడు పనికి వాడే ఎముక సూది జేబులోంచి తీసి, ఇత్తడి అంచు కిందికి దూర్చి, చుట్టూ మెల్లగా పైకి లేపింది. ముప్పై ఏళ్లు గీత తప్పకుండా తాడు పరిచిన చేతులవి. అంచు ఊడొచ్చింది, గాజు పలక లేచింది, దాని వెనక ఉన్న నల్లటి గుడ్డముక్క పొడి పొడిగా బల్ల మీద రాలిపోయింది. నలుపు పోగానే బొమ్మా పోయింది. వెలుతురులో గాజు మీద ఏదో పాలమరకలాంటిది మాత్రం మిగిలింది. అయ్యో, పాడైపోయిందే అన్నాడు పాదిరీ.

కెజియా గాజుని అంచులు పట్టుకుని తిరగేసింది. వెనక పెట్టడానికి నల్లటిదేదీ బల్ల మీద లేదు. ఎడమ చెయ్యి చాచి, తన నల్లటి బట్ట మీద, మణికట్టుకి కొంచెం పైన, గాజు పెట్టుకుంది.

ఆమె చేతి మీద కార్పొరల్ జేబెజ్ హోడ్ నిలబడ్డాడు.

కెప్టెన్ వంగి చూశాడు. కత్తి ఎడమ తుంటి. కోటు అంచు సరి. టోపీ సంచి కుడివైపు. ఒక్కొక్కటీ చూస్తూ పైకి వచ్చి మెడల్ దగ్గర ఆగాడు.

“ఇప్పుడు మెడల్ కుడివైపు పడిందమ్మా” అన్నాడు. ఈసారి గొంతులో జాలి లేదు, ధీమా కూడా లేదు.

“అవును సార్. అక్కడ పెట్టింది నేనే” అని ఆమె ఆనాటి సంగతి చెప్పింది. చిన్నగా, వంకర లేకుండా చెప్పింది. ఏడవలేదు.

కెప్టెన్ ఒప్పుకోలేదు. ఏ బొమ్మ తిరగేసినా కుడి ఎడమవుతుంది, తప్పుగా వేసుకున్నవాడి ఫొటో తిరగేసినా సరిగ్గానే కనిపిస్తుంది, కాబట్టి ఇది రుజువు కాదన్నాడు. గాజు ఫొటోలన్నీ ఇలాగే పడతాయని, మెడల్ ఇలాగే మార్చుకునేవారని ఆమె మాట తప్ప వేరే ఆధారం ఉందా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆమె చెయ్యి చాచి అలాగే నిలబడింది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

సార్జెంటు పిల్చర్ లోపలికి వచ్చాడు. టోపీ చంకలో పెట్టుకుని, మడమలు కలిపి, ఎవరూ పిలవకుండానే బల్ల దాకా నడిచాడు. కోటు లోపలి జేబులోంచి తోలు డబ్బీ తీసి కెప్టెన్ ముందు తెరిచి పెట్టాడు.

“నా కాగితాలు మీ బీరువాలోనే ఉన్నాయి సార్. ఆరేళ్ల కిందట మీరే చూసి ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఇందులో ఉన్నది నేను. నేను కూడా నాటకాలవాణ్ణేనేమో చూసి చెప్పండి.”

ఆ మాట అన్నాక ముసలాయన మొహం పాలిపోయింది, కానీ కళ్లు దించలేదు. కెప్టెన్ డబ్బీ దగ్గరికి లాక్కున్నాడు. పడుచు పిల్చర్ మీసం మెలేసి నిలబడి ఉన్నాడు. కత్తి కుడి తుంటి మీద. కోటు ఆడవాళ్ల కోటులా. టోపీ సంచి ఎడమవైపుకి. మెడల్ ఒక్కటే సరైన చోట. కెప్టెన్ ఆ ఫొటో చూశాడు, పిల్చర్‌ని చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. తర్వాత చెయ్యి చాచి ఆమె ఎముక సూది అడిగి తీసుకున్నాడు. అలవాటు లేని పని, చెమట పట్టింది, అయినా పూతకి వేలు తగలకుండా గాజు బయటికి తీశాడు. తీసి తిరగేసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఆగాడు.

“మీ రెండో చెయ్యి ఇస్తారా, మిసెస్ హోడ్?” అన్నాడు.

ఆమె కుడి చెయ్యి కూడా చాచింది. చెరొక చేతి మీదా చెరొక హుస్సారు, ఇద్దరి కత్తులూ ఎడమవైపు, ఇద్దరి మెడళ్లూ కుడివైపు. బీరు వ్యాపారి కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చూశాడు. ఇద్దరు వేర్వేరు ఊళ్లలో, ఒకరి మొహం ఒకరు ఎరగకుండా, అదే ఒక్క తప్పు అదే కారణంగా ఎందుకు చేస్తారని పాదిరీ మెల్లగా అడిగాడు. కెప్టెన్ భూతద్దం తీసి జేబెజ్ మీదికి వంగాడు. చేతి అంచు మీది ముడి దగ్గర అద్దం ఆగింది.

“ఈ ముడి మొదట్లో చిన్న కన్నుంది. నా ఆల్బంలో ఎక్కడా ఇలాంటిది లేదు.”

“ఉంటుంది సార్, చూసి ఉండరు” అంది కెజియా. “ఈ బారకాసుల నుంచి వెళ్లిన హుస్సారు కోటు ఏదైనా తీసి చూడండి. నేను కుట్టిందైతే ఉంటుంది.”

కెప్టెన్ ఆల్బం ముందుకి లాక్కుని అట్టలు తిప్పాడు. నాలుగో అట్ట మీద ఒక యువకుడు, గుర్రం కళ్లెం పట్టుకుని. భూతద్దం కింద అతని చేతి అంచు మీద ఆవగింజంత కన్ను కనిపించింది. ఏడో అట్ట మీద ఇంకొకటి. ఇన్నేళ్లుగా ఆల్బం తిరగేస్తున్న మనిషి కొత్తగా చదవడం నేర్చుకున్నవాడిలా వేలు పెట్టి చూస్తూ కూచున్నాడు. ఆ కోట్లన్నిటి మీదా తన పని ఉందని కెజియాకి తెలుసు, కానీ అన్నీ ఒక్కచోట చూడటం ఇదే మొదటిసారి. ఆమె మెడ నిటారుగా నిలిచింది. నిలవదూ మరి.

గది ఎవరికిచ్చేదీ బోర్డువాళ్లు అక్కడే తేల్చేశారు. రెండో ఆవిడకి రాబోయే మరో గదిలో మొదటి చోటు రాసి పెట్టారు. కెప్టెన్ పుస్తకంలో ‘కార్పొరల్ జేబెజ్ హోడ్ గారి భార్య’ అని రాసి, ఇంకు ఆరేదాకా ఆగి, పుస్తకం ఆమె వైపుకి తిప్పి చూపించాడు. తర్వాత లేచి నిలబడి, సోమవారం నాడు తను అన్న మాటకి క్షమించమని అడిగాడు. ఆమెని ఒక్కదాన్నే కాదు, ఆమె చేతి మీదున్న మనిషిని కూడా చూస్తూ అడిగాడు. పిల్చర్‌తో మాత్రం గేటు తెరిచి వదిలేసి వచ్చినట్టున్నావు, వెళ్లి చూసుకో అన్నాడు. పిల్చర్‌కి ఆ కసురు చాలు. ఉద్యోగం ఉందని అర్థమై, తన డబ్బీ పుచ్చుకుని, వచ్చినట్టే మడమలు కలిపి వెళ్లిపోయాడు.

డబ్బీ మళ్లీ బిగించాలి. కెప్టెన్ సైన్యంలో విందులకి తొడుక్కున్న తన పాత మెస్ కోటు లోపలినుంచి నల్లటి సిల్కు ముక్క కత్తిరించి తెచ్చాడు. దాన్ని డబ్బీలో పరిచి, గాజు అందుకుని, ఏ వైపు పైకి పెట్టమంటారని అడిగాడు. పాత వైపు పెడితే మెడల్ సరిగ్గా ఉంటుంది, ఆయన కోరుకున్నట్టు. ఇటు పెడితే తక్కినవన్నీ సరిగ్గా ఉంటాయి, మెడల్ తప్పుతుంది.

కెజియా గాజు వంక చూసింది. ఎడమ కనుబొమ మీద మచ్చ.

“మెడల్ ఆయన దగ్గరే ఉంది సార్” అంది. “మొహం నాకుండనివ్వండి.”